సోఫాలో బేస్ రావట్లేదా? ఫేజ్ స్విచ్ చూడండి

సబ్‌వూఫర్ (బేస్ కోసం విడిగా ఉండే స్పీకర్ పెట్టె) పక్కన నిలబడితే దడదడలాడుతూ, సోఫాలో కూర్చుంటే మాత్రం బేస్ లేకపోతే, యూనిట్ బాగానే ఉన్నట్టు. గదిలో ముందువైపు ఉన్న స్పీకర్ల బేస్, సబ్‌వూఫర్ బేస్ మీరు కూర్చునే చోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటూ ఉండొచ్చు. వాల్యూమ్ ఎంత పెంచినా ఇది పోదు.

1. ముందువైపు స్పీకర్ల వైర్లలో ప్లస్, మైనస్ తారుమారయ్యాయేమో రెండు చివర్లా చూడండి.

2. రిసీవర్‌లో (స్పీకర్లన్నీ కలిపే ఆంప్లిఫయర్) స్పీకర్ సైజ్ 'స్మాల్', క్రాసోవర్ (ఏ హద్దు కింది శబ్దం సబ్‌వూఫర్‌కి వెళ్లాలో చెప్పేది) 80 హెర్ట్జ్ పెట్టండి. రిసీవర్ తనంతట తానే చేసుకునే ఆటో సెటప్ ఒక్కోసారి 'లార్జ్' పెట్టేస్తుంది. అప్పుడు పాటల్లోని బేస్ సబ్‌వూఫర్‌కి వెళ్లదు. సబ్‌వూఫర్ మీదున్న క్రాసోవర్ నాబ్‌ని ఎక్కువ వైపు చివరిదాకా తిప్పేయండి.

3. చాలామంది వదిలేసేది ఇదే. సబ్‌వూఫర్ వెనక 0/180 అని చిన్న ఫేజ్ స్విచ్ ఉంటుంది, 180లో పెడితే సబ్‌వూఫర్ శబ్ద తరంగం తలకిందులవుతుంది. బేస్ గిటార్ ఆగకుండా మోగే పాట పెట్టి, మీరు సోఫాలోనే ఉండి, ఇంకొకరిని ఆ స్విచ్ మార్చమనండి. మీరే లేచి వెళ్లి మార్చి వస్తే తేడా చెవికి అందదు, పైగా సబ్‌వూఫర్ దగ్గర వినిపించేది వేరు. సోఫాలో ఏది నిండుగా ఉంటే అదే ఉంచండి. స్విచ్ బదులు నాబ్ ఉంటే నెమ్మదిగా తిప్పించండి.

4. స్విచ్ ఎటు పెట్టినా బేస్ పలచగానే ఉంటే అది గది సమస్య. 80 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 4.3 మీటర్లు, గోడలకు తగిలి తిరిగొచ్చి కొన్ని చోట్ల రద్దవుతుంది. సబ్‌వూఫర్‌ని కాసేపు సోఫా మీద పెట్టి, మీరు గోడల వెంట వంగి నడవండి. బేస్ గట్టిగా వినిపించిన చోటే దాన్ని పెట్టండి. సోఫా గదికి సరిగ్గా మధ్యలో ఉంటే ఒక అడుగు వెనక్కి జరిపి చూడండి.