మాక్సిమైజ్ కొడితే విండో ఎక్కడ ఆగాలి

పర్లాకిమిడి

చిరంజీవి చిన్నికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో చూశాను. ధాన్యం మిల్లు కోసం నువ్వు రాస్తున్న వెబ్ ప్రోగ్రాంలో కాటా స్లిప్పు (లారీ బరువు చీటీ) విండోని మాక్సిమైజ్ చెయ్యగానే అది పైపట్టీని, ఎడమవైపు మెనూని కప్పేసి బ్రౌజరంతా పరుచుకుంటోంది. మిల్లు యజమాని "ఏటిది, లెక్కలన్నీ పోనాయేటి" అని కంగారుపడ్డాడంటే పడడా మరి? సర్వర్‌తో లింకు ఉందని చూపించే పచ్చచుక్క, సీజన్ పేరు, లాగౌట్ బటన్ అన్నీ ఒక్క క్లిక్కుతో కనబడకుండా పోయాయి. లారీ కాటా మీద నిలబడి ఉండగా అలా జరిగితే టెన్షన్ రాక ఏం వస్తుంది.

"పైపట్టీకి జడ్-ఇండెక్స్ ఎంత పెట్టమంటావు మావయ్యా" అని అడిగావు. ఏది దేని మీద కనబడాలో చెప్పే ఆ అంకె జోలికి ముందు వెళ్ళకు. అది వేలంపాట లాంటిది: నువ్వు 999 అంటావు, ఇంకొకడు 9999 అంటాడు, ఎక్కడా తెగదు. పైగా పట్టీ పైకొస్తే విండో టైటిల్ బార్ దాని కింద ఇరుక్కుంటుంది. రీస్టోర్ బటన్ ఉన్నది ఆ టైటిల్ బార్ మీదే కదా, ఇక విండోని మళ్ళీ చిన్నది చేసేదెలా? ఏది పైన ఉండాలి అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ విండో ఎవరి కొలత తీసుకుని పెద్దదవుతోంది అన్నదే ప్రశ్న.

నీ కోడ్‌లో మాక్సిమైజ్ అయినప్పుడు పొజిషన్ ఫిక్స్‌డ్ అవుతోంది. ఫిక్స్‌డ్ అంటే బ్రౌజర్ వ్యూపోర్ట్ (పేజీ కనబడే మొత్తం జాగా) కొలత. మెనూ, పట్టీ పక్కన ఉన్నాయన్న సంగతే దానికి పట్టదు. విండోలు తిరగాల్సిన జాగా కోసం ఒక డివ్ (పేజీలో ఒక డబ్బా) ఉంది కదా, దాన్ని వర్క్‌స్పేస్ అందాం. దానికి పొజిషన్ రిలేటివ్ ఇయ్యి. విండోకి పొజిషన్ ఆబ్సల్యూట్, అంటే కొలత ఆ వర్క్‌స్పేస్‌దే; ఇన్‌సెట్ 0, అంటే నాలుగు అంచుల నుంచీ దూరం సున్నా. వెడల్పు, ఎత్తు ఆటో. అంతే, సగం గొడవ తీరిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకో: ఆబ్సల్యూట్ కొలత పేరెంట్ (చుట్టూ ఉన్న డబ్బా) ప్యాడింగ్‌ని, అంటే లోపలి అంచు ఖాళీని కూడా కలుపుకుంటుంది, బోర్డర్‌ని మాత్రం వదిలేస్తుంది. వర్క్‌స్పేస్‌కి ప్యాడింగ్ పెట్టి విండో చుట్టూ ఖాళీ వస్తుందని చూస్తే రాదు. ఖాళీ కావాలంటే ఇన్‌సెట్‌నే 8 పిక్సెల్స్ చేసుకో.

ఇంత చేసినా విండో బయటికి వస్తోందంటే అది అసలు వర్క్‌స్పేస్ లోపల పుట్టలేదన్నమాట. బ్రౌజర్ డెవ్‌టూల్స్ తెరిచి ఎలిమెంట్స్‌లో చూడు. చాలా లైబ్రరీలు విండోని తీసుకెళ్ళి నేరుగా పేజీ మొత్తాన్ని పట్టే బాడీకి అతికిస్తాయి. రియాక్ట్ లైబ్రరీలో పోర్టల్ (ఒక భాగాన్ని వేరే చోట అతికించే పద్ధతి) వాడితే రెండో ఆర్గ్యుమెంట్‌గా డాక్యుమెంట్ బాడీ బదులు వర్క్‌స్పేస్‌నే ఇవ్వాలి. జేక్వెరీ యూఐ డైలాగ్‌కి దీనికోసమే అపెండ్‌టూ అనే ఆప్షన్ ఉంది. ఎక్స్‌ట్ జేఎస్‌లో రెండర్‌టూ, కన్‌స్ట్రెయిన్ ఉన్నాయి. డామ్‌లో, అంటే పేజీ భాగాల చెట్టులో, చోటు మార్చకుండా, రూపం చెప్పే సీఎస్ఎస్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు.

మీ టీములో ఎవరో ఒకరు ఒక చిట్కా చెప్తారు చూడు: ఫిక్స్‌డ్‌ని అలాగే ఉంచి, పేరెంట్‌కి ఉత్తుత్తి ట్రాన్స్‌ఫార్మ్ (జరపడం, తిప్పడం లాంటి మార్పు) ఒకటి పెట్టమని. అది పనిచేస్తుంది, కాదనను. పై ఎలిమెంట్‌కి ట్రాన్స్‌ఫార్మ్, పర్‌స్పెక్టివ్, ఫిల్టర్, కంటెయిన్ పెయింట్ లాంటివి ఉంటే ఫిక్స్‌డ్ పిల్లలు వ్యూపోర్ట్‌ని వదిలి దాని మాట వింటాయి. కానీ ఆర్నెల్ల తర్వాత కోడ్ శుభ్రం చేసేవాడు "ఈ లైను దేనికి" అని పీకేస్తాడు. ఇదే లక్షణం తిరగబడి కూడా వస్తుంది. నిన్నటిదాకా స్క్రీనంతా వచ్చిన విండో ఇవాళ చిన్న డబ్బాలో ఇరుక్కుందంటే, ఎవరో మెనూ యానిమేషన్ కోసం పైన ఎక్కడో ట్రాన్స్‌ఫార్మ్ పెట్టి ఉంటారు. వెతకడానికి పనికొస్తుంది కాబట్టి తెలిసి ఉండాలి, ఆధారపడటానికి మాత్రం వద్దు.

బరంపురం బట్టల కొట్లకి, ఇక్కడి మిల్లులకి విజువల్ బేసిక్ (వీబీ) 6లో బిల్లింగ్ రాసిన రోజుల్లో మాకు ఈ తలనొప్పే లేదు. ఒక పెద్ద విండో లోపల చిన్న విండోలు తిరిగే ఎండీఐ ఫారం ఒకటి పెట్టి, లోపలి ఫారంకి ఎండీఐ చైల్డ్ ట్రూ అంటే చాలు. మాక్సిమైజ్ చేస్తే పేరెంట్ లోపలి జాగా వరకే పెరిగేది, దాని పేరు వెళ్ళి పేరెంట్ టైటిల్‌లో కలిసేది. 1990లో వచ్చిన విండోస్ 3.0 ప్రోగ్రామ్ మేనేజర్ నడిచింది కూడా ఆ పద్ధతిలోనే. ఆ కట్టుబాటు ఆపరేటింగ్ సిస్టమ్ చూసుకునేది. బ్రౌజర్‌కి నువ్వు గీసినవి విండోలని తెలీదు, దాని లెక్కలో అన్నీ డివ్‌లే. అందుకే ఎవరు ఎవరి లోపలో నువ్వే చెప్పుకోవాలి. వెబ్‌లో విండోల లోపల విండోలేంటి, పాత చాదస్తం అనేవాళ్ళు ఉంటారు. ఫోన్‌లో అయితే నేనూ అదే అంటాను. కానీ టోకెన్ రిజిస్టర్ పక్కన పెట్టుకుని కాటా స్లిప్పు కొట్టే గుమాస్తాకి రెండూ ఒకే తెర మీద కావాలి. ఆ పని ఎప్పుడూ చెయ్యనివాళ్ళ మాట పట్టించుకోకు.

ఇక అసలు కిటుకు. మాక్సిమైజ్ అనేది ఒక స్థితి, కొలత కాదు. నీ కోడ్ వెడల్పు చదివి, ఆ అంకెని విండో స్టైల్‌లో రాస్తోంది. రాసిన మరుక్షణం నుంచీ అది పాత అంకె. గుమాస్తా మెనూ ముడిచాడనుకో, వర్క్‌స్పేస్ పెరుగుతుంది, విండో మాత్రం పాత వెడల్పులోనే ఉండి కుడిపక్కన తెల్లటి చార కనిపిస్తుంది. మెనూ తెరిస్తే అదే విండో బయటికి పొడుచుకొస్తుంది. దానికి ఇంకో ఈవెంట్, దాని మీద టైమర్, ఇలా పేర్చుకుంటూ పోతారు. క్లాస్ (సీఎస్ఎస్ గుర్తుపట్టే పేరు) ఒకటి తగిలించి, మిగతాది లేఅవుట్‌కి వదిలెయ్యి.

క్లాస్ తగిలించినా పని చెయ్యట్లేదంటావు, నాకు తెలుసు. కారణం ఇన్‌లైన్ స్టైల్. డ్రాగ్ లైబ్రరీ లెఫ్ట్, టాప్, విడ్త్, హైట్ నాలుగూ ఎలిమెంట్ మీదే రాసేస్తుంది, సీఎస్ఎస్ రిసైజ్ ప్రాపర్టీ కూడా విడ్త్, హైట్ అలాగే రాస్తుంది. వాటి ముందు నీ క్లాస్ ఓడిపోతుంది. అప్పుడు అందరూ ఇన్‌లైన్‌ని కూడా ఓడించే ఇంపార్టెంట్ తగిలిస్తారు. అలా కాకుండా, లాగినప్పుడు వచ్చే అంకెల్ని కస్టమ్ ప్రాపర్టీల్లో (మనమే పేరు పెట్టుకునే సీఎస్ఎస్ విలువల్లో) దాచు: చోటుకి ఎక్స్, వై; వెడల్పు, ఎత్తులకి డబ్ల్యూ, హెచ్. మామూలు స్థితిలో ఉన్నప్పుడు సీఎస్ఎస్ ఆ నాలుగింటినీ వాడుకుంటుంది, మాక్సిమైజ్ క్లాస్ ఉన్నప్పుడు వాటిని చూడనే చూడదు. రీస్టోర్ అంటే క్లాస్ తీసెయ్యడమే. పాత కొలతలు ఎక్కడ దాచాం, ఎప్పుడు దాచాం, రెండుసార్లు మాక్సిమైజ్ నొక్కితే ఏమవుతుంది అన్న బెంగే ఉండదు. లాగడానికి ట్రాన్స్‌ఫార్మ్‌లో ట్రాన్స్‌లేట్ వాడితే మాక్సిమైజ్ క్లాస్‌లో ట్రాన్స్‌ఫార్మ్ నన్ అని రాయడం మర్చిపోకు, మ్యాక్స్-విడ్త్ ఉంటే దాన్నీ తీసెయ్యి.

రీస్టోర్‌లో ఇంకో చిక్కుంది. విండో మాక్సిమైజ్‌లో ఉండగా బ్రౌజర్ చిన్నదైతే, వెనక్కి వచ్చేసరికి పాత చోటు వర్క్‌స్పేస్ బయట ఉండొచ్చు. దానికీ సీఎస్ఎస్ చాలు. విడ్త్‌కి మిన్ పెట్టు: డబ్ల్యూ, 100 శాతం, రెండిట్లో ఏది తక్కువైతే అది. లెఫ్ట్‌కి: ఎక్స్ ఒకటి, 100 శాతంలోంచి డబ్ల్యూ తీసేస్తే మిగిలేది ఇంకొకటి, వాటిలో తక్కువది. ఆ మొత్తాన్ని మ్యాక్స్‌లో పెట్టి సున్నా కంటే తగ్గనివ్వకు. సున్నా పక్కన పీఎక్స్ తప్పకుండా రాయి, వట్టి సున్నా అయితే ఆ లైనే చెల్లదు. మ్యాక్స్ బయట ఉండాలి, మిన్ లోపల ఉండాలి. అప్పుడు జాగా ఎంత తగ్గినా విండో ఎడమ అంచు లోపలే ఉంటుంది. టాప్‌కీ ఇదే లెక్క వేస్తే టైటిల్ బార్ ఎప్పుడూ చేతికి అందుతుంది. ఎక్స్, డబ్ల్యూ విలువల్ని నువ్వు దిద్దట్లేదు కాబట్టి బ్రౌజర్ మళ్ళీ పెద్దదైతే విండో కూడా తన చోటుకి తనే వెళ్ళిపోతుంది. లోపల గ్రాఫో, కాన్వాసో ఉండి దానికి పిక్సెల్స్‌లో కొలత కావాలంటే అప్పుడు ఎలిమెంట్ కొలత మారగానే కబురు చేసే రీసైజ్ అబ్జర్వర్ పెట్టుకో, 2020 నుంచి అన్ని ముఖ్యమైన బ్రౌజర్లలోనూ ఉంది. విండో రీసైజ్ ఈవెంట్‌ని నమ్ముకోకు, మెనూ ముడిస్తే అది రాదు.

ఓవర్‌ఫ్లో, అంటే డబ్బాలో పట్టనిది ఏమవ్వాలి అన్నదాని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఇది నీకు దొరకని బగ్. వర్క్‌స్పేస్‌కి ఓవర్‌ఫ్లో ఆటో పెట్టకు. అది స్క్రోల్ అయితే మాక్సిమైజ్ అయిన విండో కూడా దాంతోపాటు జరిగిపోతుంది. హిడెన్ పెడితే సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ హిడెన్ అంటే స్క్రోల్ బార్ లేకపోవడమే, లోపల స్క్రోల్ అవ్వకపోవడం కాదు. ఏదో విండో సగం కిందికి దిగి ఉందనుకో. గుమాస్తా ట్యాబ్ కొడుతూ పోతే కనబడని బాక్సులోకి ఫోకస్ వెళ్తుంది, దాన్ని చూపించడానికి బ్రౌజర్ వర్క్‌స్పేస్‌ని లోలోపలే పైకి జరుపుతుంది. విండోలన్నీ పైకి పోయి టైటిల్ బార్లు తెగిపోతాయి. స్క్రోల్ బార్ లేదు కాబట్టి మౌస్‌తో వెనక్కి తెచ్చే దారి లేదు. ఫోన్ చేసి "పైన సగం కనబడట్లేదండీ" అంటారు, నువ్వు నీ సిస్టంలో చూస్తే బాగానే ఉంటుంది. ఓవర్‌ఫ్లో క్లిప్ పెట్టు. అది కత్తిరిస్తుంది, జరగనివ్వదు.

క్లిప్ పెట్టాక పార్టీ పేర్ల డ్రాప్‌డౌన్ అడుగున కత్తిరించుకుపోతుంది. దానికి పాపోవర్ వాడు, అది అన్నిటికీ పైన ఉండే టాప్ లేయర్‌లోకి వెళ్తుంది, ఏ పేరెంటూ దాన్ని కత్తిరించలేదు. డైలాగ్ ఎలిమెంట్‌ని షోమోడల్‌తో తెరిస్తే అదీ టాప్ లేయర్‌కే పోతుంది. "స్లిప్పు రద్దు చెయ్యాలా?" అని అడగడానికి మంచిదే, మాక్సిమైజ్‌కి మాత్రం పనికిరాదు. ఫుల్‌స్క్రీన్ కావాలని ఎవరైనా అడిగితే దానికి వేరే బటన్ ఇయ్యి. ఇక జడ్-ఇండెక్స్. వర్క్‌స్పేస్‌కి ఐసొలేషన్ ఐసొలేట్ అని రాస్తే లోపలి విండోల అంకెలు లోపలే కొట్టుకుంటాయి, పైపట్టీ దాకా రావు.

ఎత్తుల సంగతి. పేజీకి గ్రిడ్ పెట్టి, పట్టీకి ఆటో, వర్క్‌స్పేస్‌కి 1ఎఫ్ఆర్ (మిగిలిన జాగా అంతా), దానికి మిన్-హైట్ 0, మిన్-విడ్త్ 0. ఆ సున్నాలు లేకపోతే వర్క్‌స్పేస్‌లో మామూలుగా ఉన్న పెద్ద టేబుల్ ఏదైనా దాన్నే సాగదీస్తుంది. 100వీడబ్ల్యూ (వ్యూపోర్ట్ వెడల్పు మొత్తం) ఎక్కడా వాడకు, మామూలు స్క్రోల్ బార్ ఉన్నచోట దాని వెడల్పునీ కలుపుకుని పక్కకి పొంగుతుంది. టైటిల్ బార్ 32 పిక్సెల్స్ అని మొత్తం ఎత్తులోంచి తీసేశావు చూడు, అది కూడా మార్చు. మన దగ్గర మిల్లులో ఒకరు తెలుగులో చూస్తారు, ఒకరు ఒడియాలో చూస్తారు. లిపి మారితే లైను ఎత్తు మారుతుంది, పేరు పొడుగైతే రెండో లైనుకి దిగుతుంది. నీ 32 అక్కడే తప్పుతుంది, అడుగున సేవ్ బటన్ సగం తెగుతుంది. విండోని ఫ్లెక్స్ కాలమ్ చేసి, టైటిల్ ఎంత ఉంటే అంత, బాడీకి ఫ్లెక్స్ 1, మిన్-హైట్ 0, ఓవర్‌ఫ్లో ఆటో ఇస్తే తీసివేతలతో పనే లేదు.

మాక్సిమైజ్ అయిన విండో వెనక మిగతావి ఇంకా బతికే ఉంటాయి. ట్యాబ్ కొడితే ఫోకస్ వాటిలోకి వెళ్ళి, కొట్టిన బరువు అంకె వెనకున్న బాక్సులో పడుతుంది. వాటికి క్లిక్కూ ఫోకసూ తగలనివ్వని ఇనర్ట్ అట్రిబ్యూట్ పెట్టు, రీస్టోర్ అయ్యాక తీసెయ్యి.

పరీక్ష నీ పెద్ద మానిటర్ మీద కాదు. మిల్లుల్లో ఉండేవి ఎక్కువగా 1366×768 తెరలు, విండోస్‌లో స్కేలింగ్ 125 శాతం పెట్టుకుని ఉంటారు. అంటే నీ పేజీకి దక్కేది దాదాపు 1093 వెడల్పు, 614 ఎత్తు, అందులోంచి బ్రౌజర్ ట్యాబులు, అడ్రస్ బార్, టాస్క్‌బార్ పోగా మిగిలినంత. భిన్నం పిక్సెల్స్ బయటపడేది కూడా అక్కడే: వెడల్పు చెప్పే ఆఫ్‌సెట్‌విడ్త్ గుండ్రం చేసిన అంకె ఇస్తుంది, ఒక్క పిక్సెల్ తేడాతో అడుగున స్క్రోల్ బార్ ప్రత్యక్షమవుతుంది. ఆ సైజులో మాక్సిమైజ్ చేసి, మెనూ ముడిచి, తెరిచి, భాష ఒడియాకి మార్చి, జూమ్ పెంచి, చివర్లో రీస్టోర్ చెయ్యి. ధాన్యం కొనుగోళ్ళు మొదలవకముందే ఇది మిల్లుకి పంపెయ్యి, సీజన్ మధ్యలో స్క్రీన్ మారిస్తే గుమాస్తాలు ఊరుకోరు.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు. డ్రాగ్ చేసే ఫైల్ ఒక్కటీ నాకు మెయిల్ చెయ్యి, ఇన్‌లైన్ స్టైల్స్ ఎక్కడెక్కడ రాస్తోందో గుర్తుపెట్టి పంపిస్తాను.

మీ మావయ్య