స్లైసు ఒకటే, రెండో స్పందన చోటుకో తీరు

ప్రశ్న: ఎలుక హిప్పోకాంపస్ (మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన భాగం) స్లైసులో, అంటే పల్చని సజీవ ముక్కలో, 50 మిల్లీసెకన్ల ఎడంతో రెండు విద్యుత్ పల్సులు ఇస్తున్నాను. దానిలోని సీఏ1 ప్రాంతంలో రెండో స్పందన పెద్దదవుతోంది. మరో ప్రాంతమైన డెంటేట్ గైరస్‌లో చిన్నదవుతోంది, ఒక్కోసారి అక్కడా పెద్దదవుతోంది. లోపం నా రిగ్గులో (రికార్డింగు పరికరాల అమరికలో) ఉందా?
— పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: రిగ్గును అనుమానించే ముందు, డెంటేట్‌లో మీ ఎలక్ట్రోడ్లు ఏ పొరలో దిగాయో మైక్రోస్కోపు కింద చూడండి. అక్కడికి వచ్చే పెర్ఫొరెంట్ పాత్ అనే నాడీ తంతువుల కట్టలో నిజానికి రెండు దారులున్నాయి. మీడియల్ దారి తంతువులు మాలిక్యులర్ పొర (డెంటేట్ కణాల శాఖలుండే పొర) నడిమి భాగంలో సైనాప్సులు (కణాల మధ్య సంకేతాలందే సంధులు) కడతాయి. లేటరల్ దారివి బయటి మూడో వంతులో కడతాయి. మీడియల్ సైనాప్సులో విడుదల సంభావ్యత (పల్సుకు నాడీ రసాయనం విడుదలయ్యే అవకాశం) ఎక్కువ. మొదటి పల్సుకే సిద్ధంగా ఉన్న వెసికిళ్లు (ఆ రసాయనం నిండిన సంచులు) చాలా ఖర్చయిపోతాయి, 50 మిల్లీసెకన్లలో ఆ లోటు భర్తీ కాదు. అందుకే డిప్రెషన్, అంటే రెండో స్పందన తగ్గడం. లేటరల్ సైనాప్సులో, సీఏ3 ప్రాంతం నుంచి సీఏ1కి వచ్చే షాఫర్ తంతువుల సైనాప్సులోలాగే, మొదటి విడుదల తక్కువ. మొదటి పల్సుకు లోపలికి వచ్చిన కాల్షియం కొంత ఇంకా మిగిలి ఉండగానే రెండోది వస్తుంది కాబట్టి విడుదల పెరుగుతుంది. దీన్నే ఫెసిలిటేషన్ అంటారు. ఈ మిగులు కాల్షియం వివరణను కాట్జ్, మిలెడి 1968లో కప్ప నాడీ-కండర సంధి మీద పనిచేసి ఇచ్చారు. ఆ కాల్షియాన్ని పసిగట్టేది ఏమిటన్న ప్రశ్నకు 2016లో గట్టి జవాబు దొరికింది: సినాప్టోటాగ్మిన్-7 అనే ప్రోటీను లేని చిట్టెలుకల్లో మొదటి విడుదల మామూలుగానే ఉన్నా షాఫర్ సైనాప్సుల్లో ఫెసిలిటేషన్ పోయింది.

ఇక మీ 'ఒక్కోసారి' సంగతి. పొరలో మూడో వంతంటే సుమారు వంద మైక్రాన్లే. ఎలక్ట్రోడ్ కొంచెం జరిగినా దారి మారిపోతుంది. స్టిములేషన్, రికార్డింగ్ రెండు ఎలక్ట్రోడ్లనూ ఒకే పొరలో పెట్టి, నడిమి నుంచి బయటికి జరుపుతూ చూడండి. నిష్పత్తి (రెండో స్పందనను మొదటిదానితో భాగిస్తే వచ్చేది) 1కి దిగువ నుంచి ఎగువకు దాటితే రిగ్గు బాగున్నట్టే. కరెంటు గరిష్ఠ స్పందనలో మూడో వంతు వచ్చే మేరకే ఉంచండి. ఎక్కువైతే పక్క దారికి పాకుతుంది, పాపులేషన్ స్పైకు (చాలా కణాలు ఒకేసారి పేలినప్పటి సంకేతం) కూడా కలిసి కొలత చెడుతుంది. కొలవాల్సింది స్పందన తొలి వాలు, శిఖరం ఎత్తు కాదు. ఎడం 20 మిల్లీసెకన్లకు తగ్గిస్తే రెండో స్పందన మొదటిదాని తోక మీద నిలబడుతుంది. అప్పుడు ఒంటి పల్సు రికార్డును అందులోంచి తీసేసి కొలవాలి.

ప్రశ్న: అదే జంతువు నుంచి తీసిన వెంట్రల్ (హిప్పోకాంపస్ కింది చివరి) స్లైసుల్లో సీఏ1 నిష్పత్తి డోర్సల్ (పై చివరి) స్లైసుల కంటే బాగా తక్కువ. స్లైసు దెబ్బతిన్నదా?

జవాబు: దెబ్బ తినకపోయినా అలాగే రావచ్చు. ఎలుకల వెంట్రల్ సీఏ1లో జంట పల్సుల ఫెసిలిటేషన్ తక్కువన్నది ఎప్పటినుంచో తెలిసిన విషయమే. అక్కడ మొదటి విడుదలే ఎక్కువగా ఉంటుంది. అయినా ఆ మాట రాసేముందు రెండు పరీక్షలు చేయండి. మొదటిది, ద్రావణంలో కాల్షియం తగ్గించి, మెగ్నీషియం పెంచండి. నిష్పత్తి పెరిగితే విడుదల నిజంగా దాన్ని నడుపుతున్నట్టు. రెండోది, ఫైబర్ వాలీ (తంతువుల్లో పరుగెత్తే సంకేతం) ఎంతకు వాలు ఎంత వస్తోందో రెండు చోట్లా గీసి పోల్చండి. వాలీయే అణగిపోతే అది కోతలో తంతువులు తెగిన గుర్తు. హిప్పోకాంపస్ వంపు తిరిగి ఉంటుంది, మెదడు మొత్తాన్ని ఒకే దిశలో కోస్తే ఒక చివర అడ్డకోత, మరో చివర ఏటవాలు కోత పడతాయి. రెంటినీ పొడవు అక్షానికి లంబంగా, 400 మైక్రాన్ల మందంతో విడివిడిగా కోయండి. పోల్చే రెండింటికీ కాల్షియం, ఉష్ణోగ్రత ఒకటే ఉండకపోతే ఆ పోలికకు విలువ లేదు.

లెక్కలోనూ ఒక ఉచ్చు ఉంది. ప్రతి జతకూ నిష్పత్తి తీసి, వాటిని సగటు చేయకండి. మొదటి స్పందన ఊగిసలాటవల్ల చిన్నదైన జతలు సగటును ఎగదోస్తాయి, లేని ఫెసిలిటేషన్ ఉన్నట్టు కనబడుతుంది. ముందు మొదటివన్నీ, రెండోవన్నీ విడిగా సగటు చేసి, ఆ తర్వాత భాగించండి.

ప్రశ్న: సీఏ3లో మాసీ ఫైబర్ (డెంటేట్ గ్రాన్యూల్ కణాల నుంచి సీఏ3కి వచ్చే తంతువు) స్పందనే రికార్డు చేస్తున్నానని ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ముందు 20 సెకన్లకు ఒక పల్సు చొప్పున ఇచ్చి, తర్వాత సెకనుకు ఒకటికి మార్చండి. మాసీ ఫైబర్ అయితే స్పందన కొన్ని రెట్లు పెరుగుతుంది. సీఏ3 కణాలు తమలో తాము కట్టుకునే అసోసియేషనల్ సైనాప్సుల్లో ఆ పెరుగుదల చాలా తక్కువ. ఒకటిన్నర రెట్ల దగ్గర ఆగిందంటే ఆ సైనాప్సుల కల్తీ ఉందనే అనుమానించాలి. చివర్లో మాసీ తంతువుల విడుదలను అణచే డీసీజీ-4 మందు 1 మైక్రోమోలార్ ఇవ్వండి. ఎలుక మాసీ స్పందన చాలావరకు పడిపోతుంది, మిగిలింది వేరే తంతువులది, దాన్ని తీసివేయాలి. ఆ మందు పెర్ఫొరెంట్ దారినీ అణచగలదు కాబట్టి మందు ఒక్కటే సాక్ష్యం కాదు, ఫ్రీక్వెన్సీ పరీక్ష కూడా నెగ్గాలి. స్టిములేషన్ ఎలక్ట్రోడ్‌ను సీఏ3లోకి తోయకుండా గ్రాన్యూల్ కణాల పొర దగ్గరే ఉంచితే సగం తలనొప్పి తగ్గుతుంది.

ప్రశ్న: పిక్రోటాక్సిన్ (నిరోధక సైనాప్సులను ఆపే మందు) కలపాలా?

జవాబు: మీరు అడిగేది ఉత్తేజక సైనాప్సు విడుదల గురించి అయితే కలపాలి, 50 నుంచి 100 మైక్రోమోలార్. లేకపోతే మొదటి పల్సు రగిల్చిన నిరోధం రెండోదాన్ని తగ్గించి, చోట్ల మధ్య లేని తేడాలు చూపిస్తుంది. సీఏ1లో రికార్డు చేసేటప్పుడు మందు వేసే ముందే సీఏ3, సీఏ1ల మధ్య బ్లేడుతో కోయండి. కోయకపోతే సీఏ3లో పుట్టిన మూర్ఛ తరహా విద్యుత్ పేలుళ్లు సీఏ1దాకా వచ్చి, ఆ రికార్డింగు వాడుకోవడానికి పనికిరాదు.