టైమింగ్ బెల్టుకి 65 వేలా? కట్టే ముందు ఒకటి అడగండి

గురువుగారూ, మీ ఆడి డీజిల్ 70 వేల కిలోమీటర్లే తిరిగింది గానీ తొమ్మిదేళ్లయింది, టైమింగ్ బెల్టుకి (ఇంజన్‌లో పిస్టన్లనీ వాల్వులనీ ఒకే లయలో నడిపే రబ్బరు బెల్టు) 65 వేలు అడిగారు, భీమవరం చుట్టుపక్కల చవగ్గా అవుతుందా అన్నారు కదండీ.

మార్చాలా వద్దా అన్న అనుమానం వదిలేయండి. రబ్బరుకి కిలోమీటర్లే కాదు, వయసూ లెక్కే. నడుస్తుండగా తెగిందంటే పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి, హెడ్డు (ఇంజన్ పైభాగం) విప్పాలి, అప్పుడీ 65 వేలు చిల్లరలా కనిపిస్తాయి.

ముందు బిల్లు విడగొట్టి రాసిమ్మనండి. ఒక్క బెల్టుకైతే అది దారుణం; టెన్షనర్ (బెల్టుని బిగువుగా పట్టేది), రోలర్లు, వాటర్ పంపు, కొత్త బోల్టులు, కూలెంట్ కూడా అందులో ఉంటే ఆలోచించొచ్చు. పంపు ఆ బెల్టుతోనే తిరుగుతుంది. నేను పిసినారితనంగా పాత పంపు ఉంచేశా, ఏడాదిన్నరకి కారింది, మళ్లీ అంతా విప్పి కూలీ రెండోసారి కట్టా!

బయట చేయిస్తే ఖర్చు తగ్గొచ్చు, విజయవాడ ఆటోనగర్‌లో కూడా అడిగి చూడండి. కాకపోతే క్యామ్ (వాల్వుల్ని తెరిచే షాఫ్టు), క్రాంక్ (పిస్టన్లకి తగిలించిన షాఫ్టు) కదలకుండా పట్టే పిన్నుల్లాంటి లాకింగ్ టూల్స్ ఉన్నాయా అని అడగండి. "పెయింటుతో గుర్తు పెట్టేస్తాలెండి" అన్నాడో, దండం పెట్టి వచ్చేయండి. బిగించాక ఆ పిన్నులు తీసి, క్రాంక్‌ని స్పానర్‌తో రెండు చుట్లు తిప్పి, అవి మళ్లీ సరిగ్గా దూరుతున్నాయని చూసి, తీసేశాకే స్టార్ట్ చేయాలి. అప్పుడు టీకి వెళ్లకండి, పక్కనే ఉండండి.

పాత బెల్టు అడిగి తెచ్చుకోండి. దానికి నూనె తడి ఉంటే ఫోటో పెట్టండి, ఏ సీలు (నూనె బయటికి రాకుండా ఆపే రింగు) కారుతోందో చూద్దాం.