పిల్లలూ కళాకారుడూ కలిసి గీసిన చేర్యాల పటం: ముద్రించి అమ్ముకునే హక్కు ఎవరిది?

ప్రశ్న: సిద్దిపేట జిల్లాలోని ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలకు నేను కరస్పాండెంటుని. కిందటేడు చేర్యాల నకాషీ (గుడ్డ మీద కథలను బొమ్మలుగా గీసే) కళాకారుడు ఒకరిని నెల రోజులు పిలిపించి ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు నేర్పించాము. ఆయనా పిల్లలూ కలిసి ఒక పొడవాటి పటం గీశారు. ఒక ట్రస్టు నడిపే మ్యూజియం దానిని ‘ప్రదర్శన నిమిత్తం’ అని రాసిన లేఖ మీద నా సంతకం తీసుకుని తీసుకెళ్లింది. అక్కడ దాన్ని మూల గదిలో వేలాడదీశారని కళాకారుని ఫిర్యాదు. ఇప్పుడు అదే బొమ్మను క్యాలెండర్ల మీదా చేతిసంచుల మీదా ముద్రించి అమ్ముతున్నారు. కింది అంచున ఉన్న పేర్లు కత్తిరించేశారు. గుడ్డ, రంగులు మేమే కొన్నాము, కళాకారునికి 20,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చాము. హక్కు మాదే కదా? కళాకారుడు మాత్రం తనదేనంటున్నారు.

జవాబు: పటం అనే వస్తువు మీదే కావచ్చు కానీ, గుడ్డ కొన్నంత మాత్రాన దాని మీది బొమ్మకు నకళ్లు తీసి అమ్ముకునే హక్కు (కాపీరైట్) మీకు రాదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం బొమ్మ గీసినవారే దానికి తొలి హక్కుదారులు. అదే సెక్షన్‌లోని (బి) క్లాజు ఒక మినహాయింపు ఇచ్చింది. ఎవరైనా ప్రతిఫలం చెల్లించి, పురమాయించి చిత్రం వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, పురమాయించినవారే తొలి హక్కుదారులవుతారు. మీ వాదనకు బలమంటూ ఉంటే అది ఈ క్లాజులోనే ఉంది కనుక, మీరిచ్చిన 20,000 రూపాయలు దేనికన్నది తేలాలి. మీరు జతపరచిన రసీదు నకలులో ‘విద్యార్థులకు చిత్రలేఖన శిక్షణ ఇచ్చినందుకు’ అని మాత్రమే ఉంది, పటం గీసిపెట్టినందుకు అన్న మాట ఎక్కడా లేదు. ఆయన మీ బడిలో ఉద్యోగి కూడా కారు కనుక, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి యజమాని హక్కుదారు అవుతాడన్న (సి) క్లాజు మీకు పనికిరాదు. నా అభిప్రాయంలో ఆయన గీసిన భాగం మీద హక్కు ఆయనదే.

అయితే పటమంతా తనదేనని ఆయన అనడమూ సరికాదు, ఎందుకంటే పిల్లలు కూడా గీశారు. వారు మీ ఉద్యోగులు కారు, వారికి మీరు డబ్బూ ఇవ్వలేదు కనుక, వారి బొమ్మలు బడికి చెందే మార్గం చట్టంలో లేదు. చేర్యాల పటం గళ్లుగళ్లుగా సాగుతుంది కాబట్టి ఎర్రని నేపథ్యం మీద ఏ గడిలో ఏ బొమ్మ ఎవరు గీశారో చెప్పగలిగితే, ఆ గడి మీది హక్కు గీసిన పిల్లవాడిదే. అలా కాక కళాకారుడు గీత గీస్తే పిల్లలు రంగులు నింపి, ఆయన మళ్లీ నల్లగీతతో సరిదిద్ది ఉంటే, ఎవరి పనినీ విడదీయలేము కనుక అది ఉమ్మడి రచన అవుతుంది. అప్పుడు ఉమ్మడి హక్కుదారులలో ఒకరు మిగిలినవారి సమ్మతి లేకుండా ముద్రణకు అనుమతి ఇవ్వలేరు. పిల్లలు మైనర్లు, వారితో చేసుకున్న ఒప్పందం చెల్లదు కాబట్టి, తల్లిదండ్రుల సంతకాలు ముందే తీసుకుని ఉండవలసింది.

మ్యూజియం సంగతికి వస్తే, వారి వాదన మీ ముగ్గురి వాదనలకన్నా బలహీనమైనది. కాపీరైట్‌లో ఏ హక్కు ఇవ్వాలన్నా అది రాతపూర్వకంగా, హక్కుదారు చేత ఉండాలి. ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం అన్నవి అందులో పేర్కొనాలి. ప్రదర్శనకు ఇచ్చిన లేఖ ముద్రణకు అనుమతి కాదు. పైగా ఆ లేఖ మీద సంతకం చేసినది మీరు, కాపీరైట్ ఉన్న కళాకారుడూ పిల్లలూ కారు.

పేర్లు కత్తిరించడం వేరే తప్పు. కాపీరైట్‌ను అమ్మేసుకున్నా సరే, ఈ రచన తనదని చెప్పుకునే హక్కు, దాన్ని తన గౌరవానికి భంగం కలిగేలా వికృతపరచకుండా ఆపే హక్కు రచయితకే ఉంటాయని 57వ సెక్షన్ చెబుతోంది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కేసు దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం ఆయన చేసిన కంచు కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం తొలగించి గోదాములో పడేసి పాడుచేసినందుకు, 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇవ్వాలనీ 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలనీ ఆదేశించింది. అయితే పటాన్ని మూల గదిలో వేలాడదీశారన్న మీ కళాకారుని ఫిర్యాదు మాత్రం నిలవదు. బాగా ప్రదర్శించలేదన్నది ఈ హక్కుకు భంగం కాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది.

చేర్యాల శైలి మీద ఎవరికీ కాపీరైట్ లేదు. కానీ చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ, అంటే ఒక ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి పేరుకు చట్టరక్షణ) ఉంది కనుక, యంత్రం మీద ముద్రించిన సంచికి ‘చేర్యాల పెయింటింగ్’ అన్న చీటీ తగిలించి అమ్మితే, 1999 నాటి జీఐ చట్టం కింద మ్యూజియానికి మరో చిక్కు వస్తుంది. కళాకారుడు ఆ చట్టం కింద అధీకృత వినియోగదారుగా (ఆ పేరు వాడుకునే అర్హత ఉన్నవారిగా) నమోదై ఉన్నారేమో అడగండి.

మీరూ కళాకారుడూ ఒకరిమీద ఒకరు నోటీసులు ఇచ్చుకుంటే లాభపడేది మ్యూజియమే. ఆయన, తమ పిల్లల తరఫున తల్లిదండ్రులు కలిసి ఒకే నోటీసు పంపి, అమ్మకం ఆపమనీ ఇప్పటివరకు అమ్మిన లెక్క చూపమనీ అడగాలి. మీరు విడిగా పటం తిరిగి ఇవ్వమని అడగవచ్చు. కాపీరైట్ రిజిస్ట్రేషన్ లేదన్న కారణంతో ఎవరూ వెనకాడనక్కరలేదు, హక్కుకు అది షరతు కాదు. వివాదం విలువ 3 లక్షల రూపాయలకు తగ్గకపోతే కేసు కమర్షియల్ కోర్టు పరిధిలోకి వస్తుంది. అత్యవసర నిషేధపు ఉత్తర్వు కోరేటప్పుడు తప్ప, దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద క్రిమినల్ ఫిర్యాదుకు అవకాశం ఉన్నా నేను సిఫారసు చేయను, రేపు ఇదే మ్యూజియానికి మీ పిల్లలు మళ్లీ వెళ్లవలసి రావచ్చు.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులపాటు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తినిపుణుల, కళాకారుల దగ్గర నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది కనుక, మీ బడిలో ఇలాంటివి మళ్లీ జరుగుతాయి. ఈసారి కళాకారుడు, బడి, మ్యూజియం, పిల్లల తల్లిదండ్రులు అందరూ సంతకం చేసిన ఒకే పత్రం ఉండాలి. నేర్పినందుకు ఎంత, బొమ్మకు ఎంత అన్నది అందులో విడివిడిగా రాయండి. ముద్రణ హక్కు ఇస్తే దాని కాలపరిమితి రాయకపోతే చట్టం దానిని అయిదేళ్లుగా భావిస్తుంది కనుక, ఆ వివరం రాయకుండా వదలకండి.