నడకతో చేతి బ్యాండ్ చార్జ్ అవుతుందా?

ప్రశ్న: మా నాన్న రోజూ పొద్దున్నే దేవుని కడప దాకా నడిచి వస్తారు. ఆ నడకతోనే ఆయన హెల్త్ బ్యాండ్ పనిచేయదా?

జవాబు: కొంతవరకే. చెయ్యి ఊపులోంచి అంత చిన్న పరికరానికి దొరికే శక్తి సాధారణంగా మైక్రోవాట్లలోనే (వాటులో పది లక్షల వంతు ఒక మైక్రోవాటు). ఉష్ణోగ్రత కొలిచే సెన్సార్‌కు అది చాలు. బ్లూటూత్‌లో సమాచారం పంపాలంటే ఆ క్షణానికి మిల్లీవాట్లు కావాలి, అంటే దానికి వెయ్యి రెట్ల లెక్క. అందుకే కెపాసిటర్‌లో (కరెంటును కాసేపు దాచుకునే చిన్న భాగం) బొట్టుబొట్టుగా కూడబెట్టి, అప్పుడప్పుడు పంపిస్తారు. స్క్రీన్, జీపీఎస్ మాత్రం ఆశించొద్దు.

మడమ దగ్గర పరిస్థితి మెరుగు. అడుగు పడితే ఒంటి బరువంతా అక్కడే కదా. బూటు అడుగున పీజోఎలక్ట్రిక్ రేకు పెడితే, నొక్కుకున్నప్పుడల్లా వోల్టేజి పుడుతుంది, మిల్లీవాట్లు రావచ్చు. (ఈ గుణాన్ని క్యూరీ సోదరులు 1880లోనే కనిపెట్టారు.) కానీ కరెంటు కాలి దగ్గర, బ్యాండ్ చేతికి! మధ్యలో వైరు ఎవరు కట్టుకుంటారు? అడుగులు లెక్కపెట్టే సెన్సార్‌ను బూటులోనే పెట్టడం తెలివైన పని.

ఒంటి వేడితో కరెంటు తీసే పద్ధతీ ఉంది. దానికి చర్మానికీ గాలికీ మధ్య వేడిలో తేడా ఉండాలి. మన కడప ఎండల్లో గాలి కూడా చర్మమంత వేడెక్కితే ఇక తేడా ఎక్కడిది? అప్పుడు కదలికే నయం. నాన్నగారు కూర్చుని పేపరు చదివేటప్పుడు మాత్రం బ్యాటరీయే దిక్కు.