వైన్ ఊరు చూడటానికి పర్సనల్ లోన్ ఎందుకు?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, మావారిది కంపెనీ ఉద్యోగం. మా అమ్మాయి ఇటలీలో మిలాన్‌లో పీజీ చదువుతోంది. ఇంకో ఏడాదిన్నరలో చదువు పూర్తవుతుంది. అప్పుడు మేం వెళ్తే టస్కనీలో మోంటెపుల్చానో అనే కొండమీది పాత ఊరు చూపిస్తానంటోంది. వైన్‌కు పేరున్న ఊరట. ట్రావెల్ ఏజెంటు ఇద్దరికీ పది రోజులకు ఆరున్నర లక్షలు చెప్పాడు. చేతిలో 2 లక్షలున్నాయి. మిగతాది మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకుందామని మావారు, 5 లక్షల ఎఫ్‌డీ తీసేద్దామని నేను. నెలకు 25 వేలు మిగులుతుంది. అమ్మాయి చదువుకు తీసుకున్న 12 లక్షల లోన్ (10 శాతం వడ్డీ) ఉంది, ఇప్పుడే కట్టక్కర్లేదన్నారు. నాకు వైన్ అలవాటు లేదు. అంత ఖర్చు పెట్టి వెళ్లాలా?

జవాబు: వెళ్లండి. కానీ లోనూ వద్దు, ఎఫ్‌డీ జోలికీ పోవద్దు. మీకు ఏడాదిన్నర టైముంది, ఈ ట్రిప్‌కు అదే పెద్ద పెట్టుబడి.

ముందు మీవారి ఆలోచన చూద్దాం. నాలుగున్నర లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ నెలకు సుమారు 15,400. మొత్తం మీద వడ్డీయే లక్షా మూడు వేలు దాటుతుంది. పైగా ట్రిప్ అయిపోయాక అమ్మాయి చదువు లోన్ ఈఎంఐ కూడా మొదలవుతుంది. తను ఉద్యోగం వెతుక్కునే సమయంలో రెండు ఈఎంఐలు మీ జీతాల మీద పడతాయి. ఇక ఎఫ్‌డీ సంగతి. మీవారిది ప్రైవేటు కంపెనీ, మీదీ ప్రైవేటు స్కూలే. ఒకరి జీతం ఆగితే ఇంటిని నడిపేది ఆ 5 లక్షలే. దాన్ని ఏ సరదాకీ కదపకూడదు.

ఇప్పుడు ఆరున్నర లక్షల సంగతి. అది అవసరమైన ఖర్చు కాదు, ఏజెంటు చెప్పిన ధర. యూరో 110 రూపాయలు అనుకుని లెక్క వేశాను. అంతకన్నా తక్కువుంటే మీకే లాభం. రెండు విమాన టికెట్లకు లక్షన్నర. వీసా ఫీజు మనిషికి 90 యూరోలు, దాని మీద సర్వీస్ ఛార్జీ, కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ కలిపి ఇద్దరికీ 30 వేలు. తొమ్మిది రాత్రులకు గది రోజుకు 100 యూరోల చొప్పున 99 వేలు. తిండికి ఇద్దరికీ రోజుకు 50 యూరోలు, పది రోజులకు 55 వేలు. రైళ్లు, బస్సులు 16,500. చిన్నాచితకా కొనుగోళ్లకు 22 వేలు. మొత్తం 3,72,500. దీనికి పది శాతం కలుపుకోండి, సుమారు 4 లక్షల 10 వేలు. ఆగస్టులో అక్కడ సెలవుల రద్దీ ఉంటుంది, గదుల ధరలు మండిపోతాయి. అందుకే ఏప్రిల్, మే లేదా అక్టోబర్ చూసుకోండి.

2 లక్షలు ఉన్నాయి కాబట్టి కావాల్సింది 2 లక్షల 10 వేలు. నెలకు 15 వేల చొప్పున 14 నెలల రికరింగ్ డిపాజిట్ వేస్తే అసలే సరిగ్గా అంత అవుతుంది, వడ్డీ అదనం. ఇంత తక్కువ కాలానికి షేర్లు, ఈక్విటీ ఫండ్ల జోలికి వెళ్లకండి. మీ చేతిలోని 2 లక్షలు విమాన టికెట్లకు, వీసాకు వాడుకోవచ్చు.

మిగిలిన 10 వేలు మీకు మిగులు కాదు. 12 లక్షల మీద 10 శాతం అంటే నెలకు సరిగ్గా 10 వేలు వడ్డీ నడుస్తోంది. ఇప్పుడు కట్టక్కర్లేదంటే వడ్డీ పడటం లేదని కాదు, తర్వాత అది అసలులో కలిసిపోతుందని. నెలనెలా ఆ వడ్డీ కట్టేయండి, లోన్ 12 లక్షల దగ్గరే ఆగుతుంది. ఇది చేయలేకపోతే మాత్రం ట్రిప్‌ను వాయిదా వేయమనే చెబుతాను.

ఏజెంటు ప్యాకేజీ కొంటే దాని మీద టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా వేస్తారు. 2025-26లో 10 లక్షల లోపు ప్యాకేజీకి అది 5 శాతం ఉండేది, 2026 ఏప్రిల్ నుంచి 2 శాతం, అంటే ఆరున్నర లక్షలకు 13,000. ఐటీ రిటర్న్ వేసేటప్పుడు పన్నులో సర్దుబాటు అవుతుంది, పోయే డబ్బు కాదు. కానీ అప్పటిదాకా మీ జేబులోంచే పోవాలి. టికెట్లు, గదులు విడివిడిగా మీరే బుక్ చేసుకుంటే ప్యాకేజీ టీసీఎస్ బెడద ఉండదు. అమ్మాయి అక్కడే ఉంది, భాష కొంచెం వచ్చే ఉంటుంది. ఏజెంటు అవసరం ఏముంది?

ఇక ఆ ఊరు. మోంటెపుల్చానో సుమారు 600 మీటర్ల ఎత్తున కొండ శిఖరం పొడవునా కట్టిన ఊరు. కోట గోడల మధ్య ఒకటే పెద్ద వీధి ఎక్కుతూ పోయి పియాజ్జా గ్రాండే అనే చౌకు దగ్గర తేలుతుంది. అక్కడి చర్చికి ముందు గోడ పని ఎప్పటికీ పూర్తికాలేదు, ఇటుకలు అలాగే కనిపిస్తాయి. ఈ వీధిలో నడవడానికి టికెట్ లేదు. గోడల బయట, కొండ కింద 1518లో మొదలుపెట్టిన సాన్ బ్యాజో చర్చి ఉంది, దారిపొడవునా లోయ కనిపిస్తుంది. పాత భవనాల కింద వైన్ నిల్వచేసే రాతి నేలమాళిగల్లో మనిషి కన్నా ఎత్తైన ఓక్ పీపాలు వరసగా ఉంటాయి. చూడటానికి వైన్ తాగాల్సిన పనిలేదు. మీకు అలవాటు లేకపోవడం వల్ల ఖర్చు తగ్గుతుందే తప్ప ట్రిప్ చప్పబడదు.

మీరు అక్కడ డబ్బు పోగొట్టుకునేది వైన్ దగ్గర కాదు, దారిలో. టస్కనీలోని పెద్ద నగరం ఫ్లోరెన్స్ నుంచి ఒక్క రోజుకు కారు మాట్లాడుకుని వచ్చి వెళ్లేవాళ్లే ఎక్కువ ఖర్చు పెడతారు. మిలాన్ నుంచి ఫ్లోరెన్స్ దాకా హైస్పీడ్ రైలు (ముందుగా కొంటే చవక), అక్కడి నుంచి మామూలు రైల్లో క్యూసి స్టేషన్‌, తర్వాత బస్సు. ఆదివారాలు బస్సులు బాగా తక్కువ, అందుకే వారం మధ్యలో వెళ్లి మూడు రాత్రులు ఊళ్లోనే ఉండండి. మామూలు రైళ్ల కాగితం టికెట్‌ను ఎక్కేముందు స్టేషన్‌లో మిషన్‌లో ముద్ర వేయించుకోవాలి. లేదంటే జరిమానా. అమ్మాయి సరదాపడి కారు అద్దెకు తీసుకుందామంటే వద్దనండి. ఇలాంటి పాత ఊళ్లలో బయటివాళ్ల కార్లకు ప్రవేశం లేని వీధులుంటాయి. కెమెరా ఫొటో తీస్తుంది, నెలల తర్వాత జరిమానా వస్తుంది, దాని మీద అద్దె కంపెనీ తన ఫీజు వేస్తుంది.

గది బుక్ చేసేటప్పుడు లిఫ్ట్ ఉందా, ఎన్నో అంతస్తు అని అడగండి. మోకాళ్ల నొప్పులుంటే ఇది డబ్బుకన్నా ముఖ్యం. గది అద్దెకు తోడు మనిషికి, రాత్రికి ఇంతని టూరిస్టు పన్ను ఉంటుంది. భోజనానికి హోటల్లో కూర్చుంటే బిల్లులో 'కోపెర్తో' పేరుతో మనిషికి ఒకటి రెండు యూరోలు పడతాయి, మోసం కాదు, అక్కడి పద్ధతి. కాఫీ నిలబడి తాగితే చవక. మీరు శాకాహారులైతే పీచి అనే లావు నూడుల్స్‌ను ఆల్యోనే వెల్లుల్లి, టమాటాతో చేసింది అడగండి. మన నోటికి బాగుంటుంది.

మీవాళ్లకు వైన్ తీసుకెళ్లాలనుకుంటే సీసా మీద 'వీనో నోబిలే ది మోంటెపుల్చానో' అని ఉందో లేదో చూడండి. 'మోంటెపుల్చానో ద అబ్రుజ్జో' అనేది వేరే ప్రాంతపు, వేరే ద్రాక్షతో చేసిన వైన్. నోబిలే కనీసం రెండేళ్లు నిల్వ ఉంచాకే అమ్మాలి, అందుకే ధర. అదే ఊరి 'రోస్సో' చవక, కానుకకు చాలు. సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లే తెచ్చుకోవచ్చు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండంటే లీటరున్నర, మూడోది పెడితే పరిమితి దాటుతుంది. అవి చెకిన్ సూట్‌కేసులోనే.

కార్డు విషయంలో జాగ్రత్త. మన క్రెడిట్ కార్డుల్లో చాలావాటికి విదేశీ ఖర్చు మీద 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. లక్ష రూపాయలు గీకితే 4,130 అదనం. ఈ ఛార్జీ లేని లేదా తక్కువున్న కార్డు ఒకటి ముందే తీసుకోండి. మిషన్ రూపాయల్లోనా, యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలంటే వాళ్లు చెప్పిన రేటే కట్టాలి.

ఈ వారంలో రెండు పనులు చేయండి. రికరింగ్ డిపాజిట్ తెరవండి, చదువు లోన్ వడ్డీ నెలనెలా ఖాతాలోంచి వెళ్లేలా బ్యాంకుకు రాసివ్వండి. వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు, కాబట్టి అప్పటిదాకా టెన్షన్ లేదు. పాస్‌పోర్టులు మాత్రం ఇప్పుడే తీసి చూడండి. ఇచ్చి పదేళ్లు దాటకూడదు, తిరిగి వచ్చిన తేదీ తర్వాత కనీసం మూడు నెలల గడువుండాలి.