మట్టి, సున్నపురాయి పొడితో చేసిన ఫిల్టర్ నిజంగా బ్యాక్టీరియాను ఆపుతుందా?

శ్రీకాకుళం దగ్గర మీ ఊళ్లో నాగావళి నీళ్లకు ఇది పనికొస్తుందా అని అడిగారు. రంధ్రాల సైజు సరిగ్గా కుదిరితే తప్పకుండా ఆపుతుందండీ.

కయోలిన్ అనే తెల్లమట్టి, క్వార్ట్జ్ పొడి, సున్నపురాయి పొడి కలిపి, బిళ్లగా అదిమి, ఆరబెట్టి సుమారు 900 డిగ్రీల సెల్సియస్‌లో కాలుస్తారు. ఇందులో కీలకం సున్నపురాయి. ఆ వేడికి దాంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, అది వదిలిన ఖాళీలే రంధ్రాలు. కొత్త కుండ చెమర్చడం చూసే ఉంటారు, అదీ ఇలాంటి సన్నటి రంధ్రాల వల్లే. ఇక్కడ వాటిని కొలత ప్రకారం రప్పిస్తారు. ఈ-కోలై అనే బ్యాక్టీరియా సుమారు అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లావు, ఒకటి రెండు మైక్రాన్ల పొడవు ఉంటుంది. రంధ్రాలు 0.2 మైక్రాన్ దగ్గర ఉంటే పైనే ఆగిపోతుంది. కానీ వెంట్రుకంత పగులు ఉన్నా ఆ బిళ్ల పక్కన పడేయాల్సిందే. అందుకే ఎండలో పెట్టకుండా నీడలో నిదానంగా ఆరనివ్వాలి.

వైరస్‌లు చాలావరకు దాటిపోతాయి. కరిగిన ఉప్పు, ఫ్లోరైడ్ అసలు ఆగవు. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు టెన్షన్‌తో ఇది కొనాలనుకునే వాళ్లకు ఈ మాట దయచేసి చెప్పండి. వడకట్టిన నీళ్లను ల్యాబ్‌లో పరీక్ష చేయించాకే పిల్లలకు ఇవ్వండి.